రావిరి మీద చాడీలు

మా అమ్మ నన్ను జీవితంలో ఒక్కసారి మెచ్చుకుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు అపెండిక్స్ ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే స్ట్రెచర్ పక్కన నడుస్తూ "మంచిపిల్లవే నువ్వు" అంది. ఆ మాట వినగానే ఇక నేను బతకనని అర్థమైపోయి గట్టిగా ఏడుపు అందుకున్నాను. నర్సు హడలిపోయి డాక్టర్ని పిలిచింది. "ఇందుకే మెచ్చుకోకూడదు" అని అమ్మ అప్పట్నుంచి ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

మా మావోరీల ఇళ్ళల్లో అంతే. సొంతవాళ్ళను పదిమందిలో పొగడడం కన్నా సిగ్గుమాలిన పని లేదు. ప్రేమ ఉంటే వెక్కిరిస్తాం. ఎంత ప్రేమ ఉంటే అంత వెక్కిరిస్తాం. మా తమ్ముడు రావిరి పెళ్ళిలో మా వాళ్ళు వాణ్ణి వెక్కిరించిన తీరుకు వాడి భార్య టియా తరఫు బంధువులు ఇది పెళ్ళా తగువా అని తెలియక భోజనాల దాకా బిగుసుకుని కూర్చున్నారు.

ఈ అలవాటువల్ల రావిరి దేశం దాటిపోయే పరిస్థితి వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

రావిరి భవనాలకు పరంజాలు కడతాడు. మూడేళ్ళ వయసులో న్యూజిలాండ్ నుంచి అమ్మ చంకలో ఆస్ట్రేలియాలోని ఈ లోగన్‌కు వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా తను ఆస్ట్రేలియా వాడు కాడన్న సంగతి వాడికి తట్టలేదు. మాకూ తట్టలేదు. పౌరసత్వం ఫారం తెచ్చి ఫ్రిజ్‌కు అంటించాం. ప్రతి క్రిస్మస్‌కూ "ఈసారి నింపాలి" అనుకునేవాళ్ళం. చివరికి దాని వెనకాల ఉల్లిపాయలు, సబ్బులు, కుక్క మందు అని సరుకుల జాబితాలు రాసుకున్నాం.

ఒక శనివారం పబ్బు ముందు రావిరి ఒకతన్ని కొట్టాడు. అతని దవడ విరిగింది. పద్నాలుగు నెలలు జైలు వేశారు. పన్నెండు నెలలు, అంతకు మించి శిక్ష పడితే, ఈ దేశ పౌరుడు కానివాడి వీసా నడవడిక సరిగ్గా లేదన్న కారణంతో దానంతటదే రద్దయిపోతుంది. జైల్లో ఉండగానే ఉత్తరం వచ్చింది. ఇరవై ఎనిమిది రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోయినా, పెట్టుకున్నది నిలవకపోయినా శిక్ష అయ్యాక ఆక్లండ్ విమానం ఎక్కిస్తారు, మళ్ళీ రానివ్వరు. అక్కడ వాడికి మిగిలినవి రెండు సమాధులు, వినికిడి పోయిన ఒక పెదనాన్న. టియా, తొమ్మిదేళ్ళ కూతురు ఆనహెరా, ఇంకా బడికి వెళ్ళని కొడుకు నీకో ఇక్కడే ఉంటారు. టియా పుట్టింది ఇక్కడే. ఆమె తల్లి మంచం మీద ఉంది. వదిలి వెళ్ళే వీలు లేదు.

మాకు దొరికిన లాయరు పేరు డెస్పినా. గ్రీకుల అమ్మాయి, ముప్ఫై కూడా దాటలేదు. బేకరీ పైన చిన్న ఆఫీసు. "రావిరి ఎలాంటి మనిషో బాగా తెలిసినవాళ్ళ చేత ఉత్తరాలు రాయించండి. మనసులో ఉన్నది, సొంత మాటల్లో" అంది.

మేము సరిగ్గా అదే చేశాం. వారంలో పంతొమ్మిది ఉత్తరాలు. అమ్మా, నేనూ వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని పట్టుకెళ్ళాం. డెస్పినా సంతోషంగా పైది తీసి చదవడం మొదలుపెట్టింది. అది మా బాబాయి కొడుకు హోహెపా రాసింది.

"'అయ్యా, రావిరి పాట ఎత్తుకుంటే మా వీధి కుక్కలు పక్క వీధికి పోతాయి. అయినా ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలోనే నిలబడతాడు, సిగ్గులేదు. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులూ శవం పక్కనుంచి లేవకుండా పాడుతూనే ఉన్నాడు. ఆ బాధ భరించలేక మా నాన్నే లేచి ఆపమంటాడేమో అనుకున్నాం.'"

డెస్పినా తలెత్తి మమ్మల్ని చూసింది. అమ్మ తృప్తిగా తల ఊపింది. "బాగా రాస్తాడు వాడు."

రెండోది పరంజాల మేస్త్రీ మాఫి రాసింది. "'వీడంత నిదానంగా పనిచేసే మనిషిని నేను పుట్టాక చూడలేదు. ఒక్కో బిగింపునూ మూడుసార్లు తడిమి చూస్తాడు. సైట్లో వీడి పేరు ముసలమ్మ. పదకొండేళ్ళలో మా పరంజా మీంచి ఒక్కడూ పడలేదు. ఒక్కడైనా పడితే మిగతావాళ్ళకు ఒకరోజు సెలవైనా దొరికేది.'"

మూడోది టియా రాసింది. "'పెళ్ళయి పదేళ్ళయింది. ఒక్క పూలగుత్తి తేలేదు. పూలు తెమ్మంటే కుండీతో సహా మొక్క తెస్తాడు. తెంపితే చచ్చిపోతాయంటాడు. ఇప్పుడు ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. నీళ్ళు నేనే పోసి చావాలి.'"

అమ్మది అన్నిటికన్నా చిన్నది. "'వీడు నా చిన్న కొడుకు. పుట్టినప్పుడే తల ఇంత ఉంది. లోపల ఏముందో ఇప్పటిదాకా తెలీలేదు. ఇట్లు, కుయినీ.'"

డెస్పినా కాగితం బల్లమీద పెట్టి అరచేత్తో దాన్ని చదును చేసింది. కింద బేకరీలోంచి దాల్చినచెక్క వాసన వస్తోంది.

"కుయినీ గారూ, ఇవి మనవాళ్ళు రాసినవేనా? వీసాలు రద్దు చేసే మంత్రిగారి తరఫు లాయర్లు రాయించినట్టున్నాయి."

అమ్మకు కోపం వచ్చింది. "చాలా తగ్గించి రాశానమ్మాయ్. కాగితం చిన్నదైపోయింది."

"ఇవి చదివిన ఆఫీసరు రేపటిదాకా కూడా ఆగడు. రావిరిని పంపించేస్తాడు. పొగడాలి, అర్థమైందా? మంచివాడు, బాధ్యత గలవాడు, ఇలాగ. పొగడండి!"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బట్టలు విప్పి నడిబజార్లో నిలబడమని చెప్పినా అంత ఇబ్బంది పడేవాళ్ళం కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం అందర్నీ మా గరాజుకు పిలిచాం. మా ఇంట్లో కార్లు బయట ఉంటాయి, మనుషులు గరాజులో ఉంటారు. రెండు పాత సోఫాలు, ఒక గిటారు, పొయ్యి మీద పంది ఎముకలూ ఆకుకూరా పిండి ఉండలూ కలిపి ఉడుకుతున్న పెద్ద గిన్నె. నేను అందరికీ తలా ఒక కాగితం, పెన్ను ఇచ్చి, నేను పనిచేసే బడి క్యాంటీన్‌లో పిల్లలతో మాట్లాడే గొంతుతో, "ఎవరూ నవ్వకూడదు. ప్రతివాళ్ళూ రావిరి గురించి ఒక మంచిమాట రాయండి" అన్నాను.

అయిదు నిమిషాలు చావు ఇంట్లో కూడా లేనంత నిశ్శబ్దం. నిజానికి మా చావు ఇళ్ళలో శవం చుట్టూ మూడు రోజులు పాటలే, చాలా గోలగా ఉంటుంది.

"ఒక మంచిమాట అంటే, ఎంత మంచిది?" అన్నాడు హోహెపా.

"రాయరా ముందు."

"'రావిరి చాలా...' అక్కా, చాలా తర్వాత ఏం రాయాలి?"

టియా సిగ్గుపడుతూ తన కాగితం చూపించింది. "నా భర్త అందగాడు" అని ఉంది. అంతే. సోఫా మీద ఉన్న నలుగురూ ఒకరి మీద ఒకరు పడిపోయారు. మాఫికి పొరపోయింది. అమ్మ ఐసు పెట్టె మీద కూలబడి "ఒసేయ్ టియా, ప్రమాణం చేసి అబద్ధం రాస్తే నిన్నూ లోపలేస్తారే" అని కళ్ళు తుడుచుకుంది.

"మరి మీరు రాయండత్తా! కన్నారుగా!"

"కన్నందుకే ఇంత బాధ పడ్డాను. ఇప్పుడు పొగడాలా?"

ఆఖరికి హోహెపాయే దారి చూపించాడు. వాడి ఫోను అడిగినవన్నీ రాసిపెడుతుంది. "సత్ప్రవర్తన ఉత్తరం కావాలి, పేరు రావిరి" అని చెప్పాడు. అది ఊపిరి తీసుకునేంత సేపట్లో ఒక పేజీ కక్కింది. వాడు ఐసు పెట్టె ఎక్కి చదివాడు.

"'శ్రీ రావిరిని నేను చాలాకాలంగా ఎరుగుదును. ఆయన సమాజానికి మూలస్తంభం. వినయం, నిజాయితీ, సేవాభావం మూర్తీభవించిన వ్యక్తి.'"

సరిగ్గా అప్పుడే జైలు నుంచి రావిరి ఫోను వచ్చింది. రోజుకు పది నిమిషాలు. స్పీకరు పెట్టి వాడికీ చదివి వినిపించాం.

"ఎవరా మూలస్తంభం? నేనెప్పుడూ చూళ్ళేదే. ఆదివారం భోజనానికి పిలవండి" అన్నాడు.

"నేను ఆయన్నే చేసుకుంటా, నిన్నొదిలేస్తున్నా" అని టియా అరిచింది.

"చేసుకో. నా మొక్కలకి నీళ్ళు పోస్తాడేమో కనుక్కో ముందు."

"అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని వాడు మామూలుగా అడిగాడు. వేసుకున్నానని అమ్మ విసుక్కుంది. ఏ రంగుదని అడిగాడు. తెల్లదంది. "పొద్దున తెల్లది కాదు, గులాబీది!" అని అక్కణ్ణుంచే గొడవ మొదలెట్టాడు. ఆ తర్వాత ఆనహెరా లెక్కల పుస్తకం పట్టుకుని ఫోను లాక్కుంది. మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే ఏడో వంతు అని వాడు దానికి నేర్పుతున్నాడు.

"మా టీచరు తప్పంటుంది నాన్నా. అందరికీ చూపించి నవ్వుతుంది."

"మీ టీచరుకి లెక్కలు రావు. నువ్వు దిగులుపడకు."

ఫోను దానంతటదే కట్ అయింది. ఆ ఊపులో హోహెపా "ఒరేయ్, ఆక్లండ్‌లో చలికి వీడి..." అని ఏదో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. వాడు గిటారు తీసుకుని శ్రుతి చేసుకున్నాడు. తీగలు అప్పటికే శ్రుతిలో ఉన్నాయి.

ఆ మూలస్తంభం ఉత్తరాన్నే పంతొమ్మిది కాపీలు తీసి, పంతొమ్మిది సంతకాలు పెట్టి పంపించాం. డెస్పినా ఒకసారి ముక్కు చిట్లించింది కానీ, గడువు మర్నాడే. కన్నతల్లి "శ్రీ రావిరిని నేను చాలాకాలంగా ఎరుగుదును" అని సంతకం చేసిన సంగతి ఆ హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. అసలు ఉత్తరాలను నేను బిస్కెట్ల డబ్బాలోనే దాచాను.

జవాబు పదకొండు నెలలకు వచ్చింది. ఈలోగా శిక్ష పూర్తయింది, కానీ వాడు ఇంటికి రాలేదు. జైలు గేటు దగ్గర ఇంకో వ్యాను ఎక్కించి వలసదారుల్ని ఉంచే నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్ళారు. జవాబులో ఉన్నది ఇది: సమర్పించిన లేఖలన్నీ ఒకే రీతిలో ఉన్నందున వాటికి స్వల్ప విలువ మాత్రమే ఇవ్వగలం. వీసా రద్దు ఖాయం.

ఆ రోజు టియా బట్టలుతికే గదిలోకి వెళ్ళి మెషీను ఆన్ చేసింది. లోపల బట్టలు లేవు. ఆ చప్పుడు చాటున ఆమె ఏం చేస్తోందో మాకందరికీ తెలుసు. అమ్మ ఖాళీ గిన్నెను అరగంట తోమింది. డెస్పినా ఫోన్లో "నాదే తప్పు. మొదటివే పంపాల్సింది" అంది. అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి తొమ్మిది రోజులు గడువు ఉంది. వెళ్ళాం. ఈసారి పాత ఉత్తరాలు కొత్తగా ఇవ్వడానికి డెస్పినా ధైర్యం చేయలేదు. "ఒకసారి స్తంభమని చెప్పి ఇప్పుడు ముసలమ్మ అంటే, మొదటిది అబద్ధమా రెండోది అబద్ధమా అంటారు" అంది. ఆ మాటా నిజమే.

విచారణ నగరంలో, ఏడో అంతస్తులో. తీర్పు చెప్పే సభ్యుడికి సన్నటి గొంతు, ముక్కు చివరికి జారే కళ్ళజోడు. ప్రభుత్వం తరఫు లాయరు పొడుగాటి మనిషి. ప్రతి ప్రశ్నకు ముందు పెన్ను మూత తీసేవాడు, జవాబు అయ్యాక పెట్టేవాడు. గోడమీద పెద్ద తెర. అందులో నిర్బంధ కేంద్రంలోని గది, ఒక కుర్చీ, పక్కన ఒక కాపలావాడు. కుర్చీలో మా రావిరి, ఎవరిదో ఇరుకు చొక్కా వేసుకుని.

వాణ్ణే ముందు అడిగారు. ఆ మనిషిని కొట్టినందుకు ఏమంటారంటే వాడు తడుముకోకుండా "తప్పు నాదే. వేరే ఎవరిదీ కాదు" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

"మీరు మంచి తండ్రి అని చెప్పుకోగలరా?" అంది మా డెస్పినా, ఆశగా.

"ఏమోనండీ. పిల్లల్ని అడగాలి."

"మంచి భర్త?"

"అబ్బే."

డెస్పినా కళ్ళు మూసుకుంది.

టియా తర్వాత నన్ను పిలిచారు. సాక్షులం అప్పటిదాకా బయట కూర్చోవాలి, మన వంతు అయ్యాక లోపలే ఉండొచ్చు. వాడేం చెప్పాడో డెస్పినా తర్వాత చెప్తే విన్నాను. నేను చేసిన ఘనకార్యం మాత్రం నాకు బాగా గుర్తుంది.

"మీ తమ్ముడు ఎలాంటివారు?"

"మంచివాడండి."

"ఏ విధంగా?"

"అంటే... మంచిగా ఉంటాడండి."

తెరమీద రావిరి జాలిగా చూశాడు. వాడికి నామీద జాలి! నేను వెనక బెంచీలో టియా పక్కన కూలబడ్డాను. "మన పని అయిపోయింది వదినా" అని ఆమె నా చెయ్యి గిల్లి పట్టుకుంది.

చివరగా అమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, ఆ రోజుకని ఆకుపచ్చ రాయి లాకెట్టు వేసుకుని, చర్చికి కట్టుకునే నల్ల గౌనులో వచ్చింది. డెస్పినా రెండు ప్రశ్నలడిగి భయపడి కూర్చుంది. పొడుగు లాయరు లేచాడు. పెన్ను మూత తీశాడు.

"కుయినీ గారూ, ఈ లేఖ మీదేనా?"

"సంతకం నాదే."

"'శ్రీ రావిరిని నేను చాలాకాలంగా ఎరుగుదును' అని రాశారు."

"అబద్ధం కాదుగా నాయనా. పుట్టిన గంట నుంచీ ఎరుగుదును."

సభ్యుడి కళ్ళజోడు ఇంకొంచెం జారింది.

"'సమాజానికి మూలస్తంభం' అని కూడా రాశారు. ముప్ఫై ఆరేళ్ళలో ఈ మూలస్తంభంలో మీకు ఒక్క లోపమైనా కనిపించలేదా?"

లాయరుగారు దాన్ని వెటకారంగానే అడిగారు. కానీ అమ్మ మొహం చూడాలి! ఆ ప్రశ్న కోసమే ఇన్ని నెలలూ ఎదురుచూసినట్టు విప్పారింది. ముందుకు వంగి, బల్లమీద రెండు మోచేతులూ ఆనించింది.

"ఒక్కటా? నీకెంత టైముంది నాయనా?"

డెస్పినా చేతుల్లో తల పెట్టుకుంది.

"ముందు తల సంగతి చెప్తాను. పుట్టినప్పుడు..."

"నెమ్మదిగా అమ్మా, నేను రాసుకోవాలి" అన్నాడు సభ్యుడు.

"రాసుకో బాబూ. గురువారం చెత్త బండి వస్తుందా? వీడు తెల్లారి పనికి పోతూ పోతూ మా వీధిలో పదకొండిళ్ళ చెత్తడబ్బాలూ రోడ్డు మీదకి లాగేస్తాడు. ఎవరడిగారు? ముసలాళ్ళం లేచి చూసేసరికి అన్నీ వరసగా నిలబడుంటాయి. ఏది ఎవరిదో తెలీదు. నా డబ్బా మారిపోయి నాలుగేళ్ళయింది. వాళ్ళావిడ పూలడిగితే చెట్లు మోసుకొస్తాడు. ఇల్లు అడవి అయింది. మా మరిది పోతే మూడు రోజులు వాడి పక్కన కూర్చుని పాడాడు. ఆ గొంతు మీరు వినలేదు, అదృష్టవంతులు. రోజూ ఫోను చేసి మాత్ర వేసుకున్నావా అంటాడు. జైల్లోంచి కూడా! పది నిమిషాలు ఇస్తారంట. అందులో నాలుగు నిమిషాలు నా మాత్రలకే. ఏ రంగుదని అడుగుతాడు. నేనేమన్నా చిన్నపిల్లనా? మిగతా ఆరు నిమిషాలు కూతురికి లెక్కలు చెప్తాడు. అవీ తప్పులే! ఆ పిల్ల తప్పని తెలిసి కూడా అవే రాసుకెళ్తుంది. ఎందుకే అంటే, నాన్న బాధపడతాడు అంటుంది. చూశారా, పిల్లని కూడా పాడు చేశాడు."

తెరమీద రావిరి చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఊగిపోతున్నాయి. పక్కన కాపలావాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, వాడి భుజాలు కూడా ఊగుతున్నాయి. టియా నా ఒళ్ళో మొహం దాచుకుంది. కాగితాలు అందించే గుమస్తా అమ్మాయి కింద పడనిదాన్ని దేన్నో ఏరుకోవడానికి బల్లకిందకు దూరింది.

పొడుగు లాయరు ఒక్కడే నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆయన పెదవి కూడా ఒక పక్కకు లాగింది కానీ సర్దుకున్నాడు. పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"సరే. ఇవన్నీ లోపాలే అనుకుందాం. మరి ఆ శనివారం మీ అబ్బాయి కొట్టిన మనిషి సంగతి? దాని గురించి మీరు ఒక్కమాట కూడా అనలేదు."

అమ్మ మోచేతులు బల్లమీంచి తీసేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అనను."

"అనరా? మీ ఇంట్లో దాని గురించి మాట్లాడుకోరా?"

"మాట్లాడుకున్నాం. ఒకసారి. వాడు చెప్పాడు, నేను విన్నాను." అమ్మ గొంతు చిన్నదైంది. "దవడకి తీగ చుట్టి కుట్టారంట. ఆరు వారాలు ఆ మనిషి గొట్టంతో తాగాడంట. వాళ్ళమ్మ ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే ఆ ఆరు వారాలూ చారు వడగడుతూ నా కొడుకుని ఏమనుకుని ఉంటుందో, అది నాకు తెలుసు. నేనైనా అదే అనుకుంటా."

అమ్మ తలెత్తి లాయరును చూసింది.

"మేం అన్నిటికీ నవ్వుతాం నాయనా. శవం పక్కన కూర్చుని కూడా నవ్వుతాం. దానికి మాత్రం మా ఇంట్లో ఈ రోజు దాకా ఒక్కళ్ళూ నవ్వలేదు."

తెరమీద రావిరి తల వంచేశాడు. నడినెత్తి తప్ప ఇంకేమీ కనిపించలేదు. సభ్యుడు చాలాసేపు రాసుకున్నాడు. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని అడిగాడు. లాయరు లేవన్నాడు.

లిఫ్టులో దిగుతుంటే అమ్మ నా చెవిలో గుసగుసలాడింది. "పారే, వాణ్ణి మరీ ఎక్కువ పొగిడేశానంటావా?"

నాలుగు వారాలకు, ఒక గురువారం, నేను క్యాంటీన్‌లో మాంసం కూరిన వేడి పైలు ట్రేలోకి సర్దుతుంటే ఫోను మోగింది. అవతల టియా కేకలు పెడుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "చెప్పవే! ఏదో ఒకటి చెప్పు!" అని నేనూ అరిచాను. "వస్తున్నాడు వదినా! రేపు!" అంది. ఆ తర్వాత నేనేం చేశానో నాకు తెలియదు. వరసలో ఉన్న పిల్లలు చెప్పినదాని ప్రకారం ఒక్కొక్కడికీ మూడేసి పైలు ఇచ్చి, హెడ్‌మాస్టరమ్మను రెండు చేతులతో ఎత్తి గిరగిరా తిప్పానట. ఆమె బరువైన మనిషి. మర్నాడు నా నడుము పట్టేసింది కాబట్టి నిజమే అయ్యుండాలి.

రావిరి ఒక ప్లాస్టిక్ సంచితో కారు దిగాడు. బాగా చిక్కిపోయాడు. చిన్నోడు నీకో తండ్రిని గుర్తుపట్టక, ముందు కుక్క వెనక దాక్కున్నాడు, తర్వాత కుక్కతో సహా వాడి మీదికి ఎక్కాడు. ఆనహెరా వాడి నడుము కరుచుకుని అలాగే ఉండిపోయింది. వాడు అడుగు వేస్తే అదీ వేసింది. అమ్మ గరాజు గుమ్మంలో నిలబడి వాణ్ణి పైనుంచి కింది దాకా చూసింది.

"ఒళ్ళంతా తగ్గింది. తల మాత్రం తగ్గలేదు."

"నువ్వు కన్నదే కదమ్మా" అని వాడు మావాళ్ళ పద్ధతిలో ఆమె ముక్కుకు ముక్కు, నుదుటికి నుదురు ఆనించాడు. ఇద్దరూ అలా ఉన్నంతసేపు మేము గిన్నె మూతల వైపు చూశాం.

భోజనాలయ్యాక హోహెపా తీర్పు కాగితాలు పట్టుకుని ఐసు పెట్టె ఎక్కాడు. గొంతు సన్నం చేసి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కున్నాడు.

"పేరా యాభై రెండు. 'అర్జీదారు తల్లి సాక్ష్యం ప్రకారం పుట్టినప్పుడు అతని తల అసాధారణ పరిమాణంలో ఉంది. ఈ విషయంపై ట్రిబ్యునల్ ఏ నిర్ధారణకూ రావలసిన అవసరం లేదు.'"

గరాజు రేకులు అదిరాయి.

"ఇంకా ఉంది, ఆగండి! పేరా యాభై అయిదు. 'పదకొండు ఇళ్ళ చెత్తడబ్బాలను ఎవరూ అడగకుండానే అర్జీదారు బయటపెట్టేవాడని నేను నమ్ముతున్నాను. సాక్షి దీనిని లోపంగా చెప్పారు. నేను అలా పరిగణించడం లేదు.'"

"ఆయన డబ్బా మారి చూడాలి, తెలుస్తుంది" అంది అమ్మ.

"పేరా యాభై ఎనిమిది. 'భిన్నాల కూడికలో అర్జీదారు సామర్థ్యం పరిమితమైనది. అయినప్పటికీ, పిల్లల శ్రేయస్సు దృష్ట్యా ఆ పాఠాలు తండ్రి దగ్గరే కొనసాగడం మేలు.'"

"విన్నావా? ప్రభుత్వం చెప్పింది!" అని రావిరి కూతురి నెత్తిన మొట్టాడు. "మళ్ళీ చదవరా అది. ఇంకోసారి!"

మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారికి అందరమూ గొంతు కలిపాం. హోహెపా పేజీ తిప్పాడు. పేరా అరవై ఒకటి. చదవబోయి ఆగాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని మనసులో చదువుకున్నాడు, ఐసు పెట్టె దిగి ఆ కాగితాన్ని రావిరి చేతికిచ్చాడు. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. నేను చదివాను. ఆ దవడ విరిగినతని గురించి, దానికి మా ఇంట్లో ఒక్కళ్ళూ నవ్వలేదన్న అమ్మ మాట గురించి. అవి ఇక్కడ రాయను.

రావిరి చదివాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఎంగిలి పళ్ళాలన్నీ దొంతిగా ఎత్తుకుని గరాజు మూల తొట్టి దగ్గరకు వెళ్ళాడు. నీళ్ళు వదిలాడు. మాకు వీపు పెట్టి చాలాసేపు తోమాడు. హోహెపా గిటారు కోసం చెయ్యి చాపాడు కానీ తీసుకోలేదు.

అమ్మ లేచింది. తొట్టి దగ్గరకు వెళ్ళి, కడిగి బోర్లించిన పళ్ళెం ఒకటి తీసి వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. గోటితో ఒకచోట గీకింది.

"ఇదేం కడగడంరా? కొవ్వు అలాగే ఉంది. ఇంకోసారి ఇలా కడిగావంటే ఆక్లండ్ విమానం నేనే ఎక్కిస్తా."

ఇన్ని నెలల్లో ఆ మాట మా ఇంట్లో ఎవరైనా పూర్తిగా పైకి అన్నది అదే మొదలు. టియా చేతిలో గ్లాసు అలాగే గాల్లో ఉండిపోయింది. రావిరి నురగ చేతులతో వెనక్కు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కిటికీ పక్క సీటైతేనే ఎక్కుతా."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. టియా అనుకుంటాను, గ్లాసులో ఉన్నదంతా మాఫి మీద పోసేస్తూ. ఆ తర్వాత ఇక ఎవరికీ ఆగలేదు. అమ్మ తొట్టి అంచు పట్టుకుని వంగిపోయి "ఓరి నాయనో, నా నడుము" అంటోంది. రావిరి సబ్బు నీళ్ళు ఆమె మీద చిలకరించి, రెండు చేతులూ చాచి, నోరు బార్లా తెరిచి పాట ఎత్తుకున్నాడు.

మా వీధి కుక్కలు లేచి పక్క వీధికి బయలుదేరాయి.